అవ్వా, బువ్వా రెండూ కావాలంటే విమానం ఎగరదు

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ వెంట నడిచి వెళితే ఒక విచిత్రమైన జంట కనబడుతుంది. రోడ్డుకు సముద్రం వైపున, ఇసుకలో, కురుసుర అనే జలాంతర్గామి ఉంది. దాని పొడవు 91 మీటర్లు. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. రోడ్డుకు రెండో వైపున ఒక పెద్ద విమానం ఉంది. దాని పేరు టి.యు-142 ఎం. పొడవు 53 మీటర్లు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే 50 మీటర్లు. సముద్రం లోపల దాగిన జలాంతర్గాముల జాడ తీయడం దాని వృత్తి. అంటే వేటగాడూ, వేటా ఒకే రోడ్డుకు అటొకటీ ఇటొకటీ నిలబడి ఉన్నాయన్నమాట!

రష్యాలో తయారైన ఈ రకం విమానాలు ఎనిమిది 1988లో మన నౌకాదళంలో చేరాయి. మొదట గోవాలో, తరువాత తమిళనాడులోని అరక్కోణంలో ఉండి పనిచేశాయి. 2017 మార్చి 29న వాటికి వీడ్కోలు చెప్పారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వాటిలో ఒకటి విశాఖకు ఎగిరి వచ్చి, ఐ.ఎన్.ఎస్. డేగ స్థావరంలో ఆఖరుసారి దిగింది. దాన్ని భాగాలుగా విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి, మళ్ళీ బిగించారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

దాని ముందు నిలబడిన విద్యార్థికి ఒక సందేహం రావడం సహజం. "ఇంత పెద్ద విమానానికి ప్రొపెల్లర్లు ఏమిటి? జెట్ ఇంజన్లు పెట్టవచ్చు గదా!" అని. పాతకాలపుది కాబట్టి అలా ఉంది అని ఎవరైనా జవాబు చెబితే నమ్మకండి. దీన్ని తయారుచేసే నాటికి జెట్ ఇంజన్లు బాగానే వాడుకలో ఉన్నాయి. తెలిసి తెలిసి ప్రొపెల్లరునే ఎంచుకున్నారు. ఎందుకో తెలియాలంటే విమానం తయారుచేసేవారు గాలితో ఎలా బేరం ఆడతారో మనం తెలుసుకోవాలి.

గాలితో బేరం

పడవ నడిపేవాడు తెడ్డుతో నీటిని వెనక్కు తోస్తాడు. పడవ ముందుకు పోతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం. విమానమూ అంతే. గాలిని వెనక్కు తోస్తే తాను ముందుకు పోతుంది. గాలిని కిందికి తోస్తే తాను పైకి లేస్తుంది.

ఇప్పుడు రెండు చిన్న సూత్రాలు గుర్తుపెట్టుకోండి.

తోపు = ఒక సెకనులో తోసిన గాలి ద్రవ్యరాశి × దానికి ఇచ్చిన వేగం.

అందుకు సెకనుకు ఖర్చయ్యే శక్తి = ½ × ఆ ద్రవ్యరాశి × వేగం × వేగం.

మొదటి సూత్రంలో వేగం ఒక్కసారే వచ్చింది. రెండవదానిలో రెండుసార్లు వచ్చింది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఒకే తోపును రెండు విధాల పొందవచ్చు. చాలా గాలిని మెల్లగా తోయవచ్చు. లేదా కొద్ది గాలిని గట్టిగా తోయవచ్చు. తోపు రెండింటిలోనూ ఒకటే. ఖర్చు మాత్రం ఒకటి కాదు.

దీన్ని రెండు నిజమైన యంత్రాలతో సరిచూద్దాం. యు.హెచ్-3హెచ్ అనే హెలికాప్టర్ డేగ స్థావరం నుంచి చాలాకాలం పనిచేసి 2024 జూన్‌లో విశ్రాంతి తీసుకుంది. దాని పూర్తి బరువు సుమారు 9½ టన్నులు. రెండవది సీ హారియర్ అనే జెట్ యుద్ధవిమానం. 1983 నుంచి 2016 దాకా మన నౌకాదళంలో ఉంది. రన్‌వే లేకుండా నిట్టనిలువుగా లేవగలదు, దిగగలదు. దాని ఇంజన్ తోపు కూడా సుమారు 9½ టన్నుల బరువును ఎత్తడానికి చాలుతుంది. అంటే ఈ రెండూ గాలిలో కదలకుండా నిలబడినప్పుడు చేసే పని దాదాపు ఒకటే.

హెలికాప్టర్ పైన తిరిగే పంకా వ్యాసం 18.9 మీటర్లు. అది సెకనుకు సుమారు 4,000 కిలోగ్రాముల గాలిని పట్టుకుని, సెకనుకు 24 మీటర్ల వేగంతో కిందికి తోస్తుంది.

తోపు = 4,000 × 24 = 96,000 న్యూటన్లు.

హారియర్ ఇంజన్ సెకనుకు సుమారు 200 కిలోగ్రాముల గాలినే మింగుతుంది. దాన్ని నాలుగు గొట్టాల గుండా సగటున సెకనుకు 480 మీటర్ల వేగంతో కిందికి చిమ్ముతుంది.

తోపు = 200 × 480 = 96,000 న్యూటన్లు. చూశారా, అదే తోపు!

ఇక ఖర్చు లెక్క. హెలికాప్టర్‌కు ½ × 4,000 × 24 × 24 = సుమారు 11½ లక్షల వాట్లు. హారియర్‌కు ½ × 200 × 480 × 480 = సుమారు 230 లక్షల వాట్లు. అంటే 20 రెట్లు ఎక్కువ! అశ్వసామర్థ్యంలో చెప్పాలంటే మొదటిది సుమారు 1,500, రెండవది సుమారు 31,000. (పంకా రెక్కల మీద గాలి రాపిడికీ, తోక పంకాకూ కలిపి హెలికాప్టర్‌కు ఇంకా కొంత శక్తి కావాలి. అందుకే దాని రెండు ఇంజన్లూ కలిసి 2,800 అశ్వసామర్థ్యం ఇస్తాయి.)

మరి హెలికాప్టర్ ఇంత పొదుపరి అయితే హారియర్‌ను ఎందుకు తయారుచేశారు? హారియర్ గంటకు 1,100 కిలోమీటర్లకు మించిన వేగంతో పోగలదు కనుక. యు.హెచ్-3హెచ్ గరిష్ఠ వేగం గంటకు 267 కిలోమీటర్లే. కారణం దాని పంకాలోనే ఉంది. పంకా రెక్క కొన సెకనుకు 200 మీటర్ల వేగంతో తిరుగుతుంది. హెలికాప్టర్ సెకనుకు 74 మీటర్ల వేగంతో ముందుకు పోతున్నప్పుడు ఒక పక్క రెక్క గాలికి ఎదురు వెళుతుంది. దానికి తగిలే గాలి వేగం 200 + 74 = 274. రెండో పక్క రెక్క గాలితోపాటే వెనక్కు వెళుతుంది. దానికి తగిలేది 200 - 74 = 126 మాత్రమే. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన ఒకవైపు బలం రెండో వైపు కంటే నాలుగు రెట్లకు మించిపోతుంది. రెక్కల వాలును ప్రతి చుట్టులోనూ మారుస్తూ ఈ తేడాను సర్దుతారు. అయితే సర్దుబాటుకూ ఒక హద్దు ఉంది. ఆ హద్దే హెలికాప్టర్ వేగానికి హద్దు.

కదలకుండా నిలబడే శక్తి కావాలా, వేగం కావాలా? ఒకటి పుచ్చుకుంటే రెండోది వదులుకోవాలి. ఇదే బేరం.

హారియర్ బేరంలో ఇంకో మెలిక ఉంది. దాని గరిష్ఠ బరువు సుమారు 11.9 టన్నులు. ఇంజన్ తోపు 9.7 టన్నులకే సరిపోతుంది. కనుక నిండా ఇంధనం, ఆయుధాలు నింపుకుని నిలువుగా లేవడం దానికి సాధ్యం కాదు. ఓడ మీద కొంత దూరం పరుగెత్తి, ఓడ ముందు భాగంలో పైకి వంచిన వాలు మీదుగా ఎగిరితే రెక్కలు కూడా బరువు మోస్తాయి. అప్పుడు 2 టన్నుల దాకా ఎక్కువ సామాను పడుతుంది. ఐ.ఎన్.ఎస్. విరాట్ ఓడ మీద అలాంటి వాలు ఉండేది. దిగేటప్పుడు ఇంధనం చాలావరకు ఖర్చయి తేలికవుతుంది గనుక నిలువుగా దిగేది.

ప్రొపెల్లర్ ఎందుకు?

ఇప్పుడు బీచ్ రోడ్డు మీది విమానం దగ్గరకు రండి. మొదట వచ్చిన సందేహానికి జవాబు మీకే తట్టి ఉంటుంది. ప్రొపెల్లర్ చాలా గాలిని మెల్లగా తోస్తుంది. కేవలం జెట్ అయితే కొద్ది గాలిని గట్టిగా చిమ్ముతుంది. విమానం వెనక వదిలిన గాలిలో మిగిలిపోయిన గతిజశక్తి అంతా దండగే. దండగ తక్కువైతే అంతే ఇంధనంతో ఎక్కువ దూరం పోవచ్చు.

టి.యు-142 కు కావలసింది సరిగ్గా అదే. బంగాళాఖాతం చిన్న చెరువు కాదు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. దాన్ని దాటాక హిందూ మహాసముద్రం ఉండనే ఉంది. వెళ్ళడం ఒక్కటే పని కాదు, గంటల తరబడి అక్కడే తిరుగుతూ వెతకాలి. ఈ విమానం బయలుదేరేటప్పుడు 185 టన్నుల దాకా ఉంటుంది. ఖాళీ విమానం బరువు సుమారు 90 టన్నులే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఇంధనం! ఆ ఇంధనంతో సుమారు 12,000 కిలోమీటర్లు ఎగరగలదు. అంటే విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఆగకుండా అయిదుసార్లు వెళ్ళి రావచ్చు.

దీనికి నాలుగు ఇంజన్లు. ఒక్కొక్కటి దాదాపు 15,000 అశ్వసామర్థ్యం గలది. దగ్గరకు వెళ్ళి చూస్తే ప్రతి ఇంజన్‌కూ ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది రెండో వైపు తిరుగుతుంది. ఎందుకలా? ప్రొపెల్లర్ గాలిని వెనక్కు తోయడంతో ఊరుకోదు, సుడి కూడా తిప్పుతుంది. సుడికి పోయిన శక్తి ముందుకు తోయడానికి పనికిరాదు. రెండో ప్రొపెల్లర్ ఎదురు తిరిగి ఆ సుడిని సరిచేస్తుంది. పోగొట్టుకున్న శక్తిలో కొంత తిరిగి రాబడుతుంది. లాభం ఉంది గదా అని అన్ని విమానాలకూ ఇలా పెట్టరు. రెండు ప్రొపెల్లర్లను ఎదురెదురు తిప్పే పళ్ళచక్రాల పెట్టె బరువెక్కువ, చిక్కులెక్కువ, మరమ్మతు కష్టం. ఇక్కడా బేరమే.

మరి ప్రొపెల్లర్‌తో ఎంత వేగంగానైనా పోవచ్చా? లెక్క వేద్దాం. దీని ప్రొపెల్లర్ వ్యాసం 5.6 మీటర్లు. ఒక చుట్టులో రెక్క కొన తిరిగే దూరం 3.14 × 5.6 = 17.6 మీటర్లు. నిమిషానికి సుమారు 750 చుట్లు, అంటే సెకనుకు 12½ చుట్లు. కనుక కొన వేగం 17.6 × 12.5 = సెకనుకు 220 మీటర్లు. విమానం గంటకు 710 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ కొన సెకనుకు 197 మీటర్లు ముందుకు కూడా పోతున్నది. ఈ రెండు వేగాలూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం రెండూ కలిస్తే సెకనుకు 295 మీటర్లు అవుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున చలికి ధ్వని వేగం సెకనుకు సుమారు 300 మీటర్లకు పడిపోతుంది. అంటే రెక్క కొన దాదాపు ధ్వని వేగాన్ని అందుకున్నట్లే! విమానం తన గరిష్ఠ వేగమైన గంటకు 925 కిలోమీటర్లతో పోతే కొన వేగం 338 అవుతుంది. ధ్వనిని దాటిపోయింది. అప్పుడు గాలి అలలు కుప్పపడి అడ్డు తగులుతాయి. శక్తి వృథా అవుతుంది. చెవులు చిల్లులు పడే మోత వస్తుంది. ఈ జాతి విమానాలు వాటి మోతకు లోకప్రసిద్ధం. ప్రొపెల్లర్ పొదుపుకు చెల్లించిన వెల అది.

ఇంకో వెల మీ కంటికే కనబడుతుంది. విమానం కాళ్ళు చూడండి, ఎంత పొడవో! 5.6 మీటర్ల ప్రొపెల్లర్ నేలకు తగలకూడదంటే విమానం ఎత్తున నిలబడాలి. పొడుగు కాళ్ళంటే బరువు కాళ్ళు. ఆ బరువును విమానం ఎగిరినంతసేపూ మోయవలసిందే.

దాని వారసుడు

టి.యు-142 స్థానంలోకి పి-8ఐ అనే విమానం వచ్చింది. మొదటిది 2013 మేలో అరక్కోణం చేరింది. మనం మొత్తం 12 కొన్నాం. ప్రయాణికులు ఎక్కే బోయింగ్ 737 నే ఈ పనికి తగినట్లు మార్చి తయారుచేశారు. దీనికి రెండే ఇంజన్లు. అవి కేవలం జెట్‌లు కావు. ప్రతి ఇంజన్ ముందు భాగంలో గొట్టంలో బిగించిన పెద్ద పంకా ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిలో ఒక వంతు మంట గదిలోకి పోతే, అయిదు వంతులకు పైగా మంట జోలికి పోకుండా పక్కనుంచి వెనక్కు నెట్టబడుతుంది. ప్రొపెల్లర్ అంత మెల్లగానూ కాదు, కేవలం జెట్ అంత గట్టిగానూ కాదు. ఇది నడిమధ్య బేరం.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. టి.యు-142 బరువు 185 టన్నులు, పి-8ఐ సుమారు 86 టన్నులు. మొదటిది 12,000 కిలోమీటర్లు ఎగిరితే రెండవది సుమారు 8,300 కిలోమీటర్లే. దూరంలో పాతదే గెలిచింది! పని మీద వెళ్ళినప్పుడు పి-8ఐ సుమారు 2,200 కిలోమీటర్లు వెళ్ళి, అక్కడ 4 గంటలు వెతికి, తిరిగి రాగలదు. అయినా కొత్తదాన్నే ఎందుకు ఎంచుకున్నారు? దాని వెతికే పరికరాలు మెరుగైనవి. నాలుగు ఇంజన్లకు బదులు రెండు ఇంజన్లను చూసుకుంటే చాలు. ప్రపంచమంతా తిరిగే 737 విమానాల విడిభాగాలు చాలావరకు దీనికీ సరిపోతాయి. విమానం ఎంత దూరం పోతుందన్నది ఒక్కటే కాదు, ఏడాదిలో ఎన్ని రోజులు ఎగరడానికి సిద్ధంగా ఉంటుందన్నది కూడా చూడాలి.

రెక్క చెప్పే కథ

ఇంజన్ సంగతి అయింది. ఇక రెక్క. టి.యు-142 రెక్కలు వెనక్కు 35 డిగ్రీలు వాలి ఉంటాయి. గాలి ఏటవాలుగా తగిలితే, రెక్కకు అడ్డంగా పోయే గాలి వేగం మాత్రమే లెక్కలోకి వస్తుంది. 35 డిగ్రీల కొసైన్ 0.82. విమానం 710 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, రెక్కకు మాత్రం 580 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లే ఉంటుంది. ధ్వని వేగం దగ్గర ఎదురయ్యే అడ్డు అంత తొందరగా రాదు. వెల ఏమిటంటారా? ఎత్తే బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. కనుక దిగేటప్పుడూ లేచేటప్పుడూ వేగం ఎక్కువ కావాలి, పొడవైన రన్‌వే కావాలి.

డేగ స్థావరం నుంచి ఎగిరే డోర్నియర్-228 ను చూడండి. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ కాన్పూరులో తయారుచేస్తుంది. దాని రెక్కలు తిన్నగా, వాలు లేకుండా ఉంటాయి. బరువు సుమారు 6,400 కిలోగ్రాములు. రెక్కల వైశాల్యం 32 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు రెక్క మోసే బరువు 200 కిలోగ్రాములు. టి.యు-142 కు ఈ లెక్క 1,85,000 ÷ 290 = సుమారు 640 కిలోగ్రాములు. మూడు రెట్లకు పైగా!

ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని చెప్పుకున్నాం. కనుక మూడు రెట్ల బరువు మోయాలంటే వేగం మూడు రెట్లు అక్కరలేదు, దాని వర్గమూలమంత చాలు. 640 ÷ 200 = 3.2. దాని వర్గమూలం సుమారు 1.8. అంటే తక్కిన విషయాలన్నీ సమానమనుకుంటే, డోర్నియర్ పడిపోకుండా గాలిలో నిలవగలిగే కనీస వేగానికి 1.8 రెట్లు వేగం టి.యు-142 కు కావాలి. అందుకే డోర్నియర్ చిన్న రన్‌వేల మీద కూడా దిగగలదు. పెద్ద రెక్క మీద గాలి ఒరిపిడి ఎక్కువ గనుక గంటకు 400 కిలోమీటర్లు దాటి అది పెద్దగా పోలేదు.

సీ హారియర్ రెక్కలు కొస నుంచి కొసకు 7.7 మీటర్లే.  పొట్టి రెక్కల కొసల దగ్గర గాలి కిందినుంచి పైకి పొర్లి సుళ్ళు కడుతుంది. ఆ సుళ్ళకు శక్తి ఖర్చు. విశాఖ చేపల రేవు మీద రెక్కలు చాపి, ఆడించకుండా తేలే గద్దను చూడండి. తరువాత పిచ్చుకను చూడండి. పొడుగు రెక్కల గద్ద అలవోకగా తేలుతుంది. పొట్టి రెక్కల పిచ్చుక టపటప కొట్టుకోవాలి. అయితే గద్ద మీ వంటింటి కిటికీలోనుంచి దూరి రాలేదు, పిచ్చుక రాగలదు!

ఉక్కు నగరంలో ఒక ప్రశ్న

విశాఖ ఉక్కుకు పేరు. ఉక్కు గట్టిది గదా, విమానాన్ని ఉక్కుతో ఎందుకు చేయరు? ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియం సాంద్రత 2.7 గ్రాములు. ఉక్కు సుమారు మూడు రెట్లు బిగువైనది, సుమారు మూడు రెట్లు బరువైనది కూడా. అలాగైతే రెండూ సమానమే గదా అంటారేమో! కాదు. ఒకే బరువులో, ఒకే పొడవు వెడల్పులతో రేకులు చేస్తే అల్యూమినియం రేకు మందం 2.9 రెట్లు ఉంటుంది. రేకు వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2.9 × 2.9 × 2.9 = సుమారు 24. బిగువు మూడోవంతే గనుక 24 ÷ 3 = 8. అంటే అదే బరువులో అల్యూమినియం రేకు వంగకుండా 8 రెట్లు బాగా నిలుస్తుంది. విమానం ఒళ్ళంతా పలుచని రేకు కాబట్టి అల్యూమినియం మిశ్రమ లోహాలు నెగ్గాయి. దిగేటప్పుడు దెబ్బంతా కాచుకునే చక్రాల కాళ్ళకు మాత్రం ఉక్కు కావాలి. అక్కడ చోటు తక్కువ, బలం ఎక్కువ.

ఏది గొప్పది?

ఇప్పుడు ఒక పరీక్ష. తుపాను వెలిసింది. విశాఖ చేపల రేవు నుంచి వేటకు వెళ్ళిన ఒక మరపడవ ఇంజన్ చెడి, డాల్ఫిన్స్ నోస్ కొండకు 200 కిలోమీటర్ల దూరాన కొట్టుకుపోతున్నది. అందులో ఏడుగురున్నారు. నిర్ణయం మీ చేతిలో ఉంది. ఏ విమానాన్ని పంపుతారు?

జెట్ విమానమైతే గంటకు 800 కిలోమీటర్ల వేగంతో 15 నిమిషాల్లో చేరుతుంది. కాని అదే వేగంతో వెతికితే సెకనుకు 222 మీటర్లు పోతుంది. రెండు కిలోమీటర్ల ముందు పడవ కనబడినా, 9 సెకన్లలో దాన్ని దాటిపోతుంది. నురగల మధ్య ఒక చిన్న పడవను 9 సెకన్లలో గుర్తుపట్టడం తేలిక కాదు. డోర్నియర్ చేరడానికి 34 నిమిషాలు పడుతుంది. అయితే గంటకు 200 కిలోమీటర్ల వేగంతో మెల్లగా తిరుగుతూ వెతికితే అదే పడవ 36 సెకన్లు కళ్ళ ముందు ఉంటుంది. పడవ కనబడింది. మరి ఆ ఏడుగురినీ పైకి తీసుకోగలదా? లేదు. అది ఆగితే పడిపోతుంది. హెలికాప్టర్ 55 నిమిషాలకు గాని రాదు. కాని పడవ నెత్తిన కదలకుండా నిలబడి, తాడు దింపి, ఒక్కొక్కరినీ పైకి లాగగలిగేది అదొక్కటే. అయితే అది సముద్రమంతా గాలిస్తూ కూర్చోలేదు, ఇంధనం చాలదు. కనుక వెతకడానికి ఒకటి, ఎత్తడానికి ఒకటి. రెండూ కలిస్తేనే ఏడు ప్రాణాలు దక్కుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు డేగ స్థావరం, విమానాశ్రయం బాగా దెబ్బతిన్నాయి. అలాంటి వేళ మూడు కిలోమీటర్ల రన్‌వే కావలసిన విమానం ఎంత గొప్పదైనా చేయగలిగింది లేదు. హెలికాప్టర్ దిగడానికి మీ బడి ఆటస్థలం చాలు.

అలాగని దూరం పోయే విమానం దండగ కాదు. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ రేవు ఎదుటే మునిగిపోయింది. అందులో ఉన్నవారెవరూ బతకలేదు. శత్రు జలాంతర్గామి మన గుమ్మం దాకా రాగలదని ఆ రాత్రి తేలిపోయింది. అది గుమ్మం దాకా రాకముందే, వందల కిలోమీటర్ల దూరాన పసిగట్టాలంటే గంటల తరబడి సముద్రం మీద తిరిగే విమానం ఉండి తీరాలి.

కాబట్టి "ఏ విమానం గొప్పది?" అన్న ప్రశ్నకు "ఏ పనికి?" అని ఎదురు ప్రశ్న వేయడమే సరైన జవాబు.

మీరే చేసి చూడండి

ఒకే సైజు కాగితాలతో రెండు గ్లైడర్లు చేయండి. ఒకదానికి పొడుగైన సన్నని రెక్కలు, రెండోదానికి పొట్టి వెడల్పు రెక్కలు ఉండాలి. రెండింటి ముక్కుకూ ఒక్కొక్క జెమ్ క్లిప్ తగిలించండి. గాలి లేని గదిలో, భుజం ఎత్తు నుంచి ఒకే తీరున వదలండి. ఒక్కొక్కదాన్ని అయిదుసార్లు వదిలి, పోయిన దూరం కొలిచి, సగటు రాయండి. తరువాత రెండో క్లిప్ తగిలించి మళ్ళీ చేయండి. ఏది దూరం పోయింది? ఏది వేగంగా పోయింది? బరువు పెరిగితే వేగం ఎలా మారింది?

విశాఖ వెళ్ళినప్పుడు టి.యు-142 ప్రొపెల్లర్ రెక్కలన్నీ లెక్కపెట్టండి. ఒక్కొక్క ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు. మొత్తం ఎన్ని ఉండాలో ముందే లెక్క కట్టుకుని వెళ్ళండి.

ఈ మూడు లెక్కలు కూడా చేయండి.

1. పి-8ఐ బరువు 85,800 కిలోగ్రాములు, రెక్కల వైశాల్యం 125 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు రెక్క ఎంత బరువు మోస్తుంది? దానికి చిన్న రన్‌వే సరిపోతుందా?

2. హెలికాప్టర్ పంకా వ్యాసాన్ని సగం చేస్తే, అది తుడిచే వైశాల్యం ఎన్నో వంతు అవుతుంది? అంతే బరువును నిలబెట్టాలంటే గాలిని మెల్లగా తోయాలా, గట్టిగా తోయాలా? ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా?

3. మీ ఊరికి ఒక్క విమానమే ఇస్తామంటే ఈ అయిదింటిలో ఏది అడుగుతారు? ఎందుకు? ఏది వదులుకుంటున్నారో కూడా రాయండి.